బోటు టాప్ స్పీడుకు ఏ ప్రొపెల్లర్? ముందు ఆర్‌పీఎం చూడండి, పిచ్ సంగతి తర్వాత

19 పిచ్ ప్రొపెల్లర్ తీసేసి 21 వేస్తే బోటు ఇంకా జోరుగా పోతుందని చాలామంది లెక్క. పిచ్ అంటే ప్రొపెల్లర్ ఒక చుట్టుకు బోటును ముందుకు తోసే దూరం (అంగుళాల్లో) కాబట్టి, అది పెరిగితే వేగమూ పెరగాలి కదా అనిపిస్తుంది. కొన్ని బోట్లలో నిజంగానే పెరుగుతుంది. చాలా బోట్లలో మాత్రం ఉన్న వేగం కూడా తగ్గి, ఇంజన్ ఆయుష్షుకు ఎసరు వస్తుంది. అరకు ఘాట్ రోడ్డు ఎక్కుతూ బండిని టాప్ గేర్‌లోనే ఉంచి యాక్సిలరేటర్ మొత్తం తిప్పి చూడండి. ఇంజన్ మూలుగుతుంది తప్ప బండి కదలదు. ఎక్కువ పిచ్ వేసిన బోటుదీ అదే అవస్థ.

ఒక సంగతి ముందే తెలుసుకుంటే డబ్బు మిగులుతుంది. ప్రొపెల్లర్ ఇంజన్‌కు కొత్తగా హార్స్‌పవర్ ఇవ్వదు. ఉన్న హార్స్‌పవర్ పూర్తిగా బయటికి వచ్చే ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజన్ తిరిగే చుట్లు) దాకా ఇంజన్‌ను తిరగనిస్తుంది, ఆ శక్తి నీళ్లలో వృథా కాకుండా చూస్తుంది. చేయగలిగింది అంతే. సరైనది దొరికితే గంటకు మూడు నుంచి ఆరు కిలోమీటర్లు పెరగొచ్చు. అంతకు మించి పెరిగిందంటే పాత ప్రొపెల్లర్ పూర్తిగా తప్పుడుది అయినా అయి ఉండాలి, దెబ్బతిన్నదైనా అయి ఉండాలి.

ఇక్కడ చెప్పేదంతా వేగం అందుకున్నాక నీటి మీదికి లేచి జారుతూ పోయే బోట్ల గురించి, అంటే ప్లేనింగ్ బోట్ల గురించి. 15 నుంచి 22 అడుగుల పొడవు, 40 నుంచి 150 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ మోటారు (బోటు వెనక బయట బిగించే ఇంజన్) ఉన్నవి. వలలు, ఐసు, చేపలు నింపుకుని నీటిని చీల్చుకుంటూ పోయే బరువైన పడవలకు ఇది వర్తించదు. అలాంటి పడవ వేగానికి దాని పొడవే హద్దు. నీటిని తాకే పొడవును అడుగుల్లో తీసుకుని, దాని వర్గమూలాన్ని 1.34తో గుణిస్తే ఆ హద్దు నాట్లలో వస్తుంది. 25 అడుగులకు 6.7 నాట్లు, అంటే గంటకు 12 కిలోమీటర్ల పైచిలుకు. ఆ పడవకు కావలసింది లాగే బలం. తక్కువ పిచ్, పెద్ద వ్యాసం ఉన్న ప్రొపెల్లర్ చాలు.

చేతిలో ఉండాల్సిన మూడు అంకెలు

మొదటిది, ఫుల్ థ్రాటిల్‌లో, అంటే యాక్సిలరేటర్ చివరిదాకా తోసినప్పుడు, ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంల మధ్య తిరగాలని కంపెనీ చెప్పిందో ఆ పరిధి. ఇది మాన్యువల్‌లో ఉంటుంది. మెర్క్యురీ 115 ఫోర్‌స్ట్రోక్‌కు 5000 నుంచి 6000. అదే కంపెనీ 60 ఫోర్‌స్ట్రోక్‌కు 5500 నుంచి 6000, అంటే పరిధి చాలా ఇరుకు. మీ మోడల్‌కు ఎంతో మీ మాన్యువల్‌లోనే చూడాలి. పక్క బోటాయన చెప్పిన అంకె పనికిరాదు.

రెండోది, గేర్ రేషియో. ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ ఒక చుట్టు తిరుగుతుందో చెప్పే అంకె ఇది. మెర్క్యురీ 115 మామూలు గేర్‌కేస్‌లో (ఇంజన్ కింద ప్రొపెల్లర్ బిగించే భాగం) 2.07, అదే ఇంజన్ కమాండ్ థ్రస్ట్ గేర్‌కేస్‌తో వస్తే 2.38. మూత మీద రెండింటికీ 115 అనే రాసి ఉంటుంది, కానీ రెండోదాని ప్రొపెల్లర్ పదమూడు శాతం నెమ్మదిగా తిరుగుతుంది. మొదటిదానికి 17 పిచ్ సరిపోతే, అదే బోటు మీద రెండోదానికి 19 లేదా 20 కావాలి. "అతనిదీ 115, నాదీ 115" అని ప్రొపెల్లర్లు మార్చుకుని మోసపోయేది ఇక్కడే.

మూడోది, ఇప్పుడున్న ప్రొపెల్లర్ కొలత. ప్రొపెల్లర్ మధ్య గొట్టం మీదో, నట్టు దగ్గరో చెక్కి ఉంటుంది. రెండు అంకెలుంటే మొదటిది వ్యాసం, రెండోది పిచ్, రెండూ అంగుళాల్లోనే. 13¼ × 17 అంటే రెక్కల కొసలు గీసే వృత్తం వ్యాసం 13¼ అంగుళాలు, పిచ్ 17 అంగుళాలు. యమహా ప్రొపెల్లర్ల మీద చివర ఒక ఇంగ్లీషు అక్షరం కూడా కనిపిస్తుంది. అది ఏ ఇంజన్ల వరుసకు సరిపోతుందో చెప్పే గుర్తు. కొలత కలిసినా ఆ అక్షరం కలవకపోతే మీ ఇంజన్‌కు కుదరకపోవచ్చు. అంకెలు అరిగిపోయి కనిపించకపోతే పార్ట్ నంబరు పట్టుకుని డీలర్‌ను అడగండి. పిచ్‌ను టేపుతో కొలిచి తేల్చాలని చూడొద్దు, తప్పు వస్తుంది.

పరీక్ష పరుగు

ఇప్పుడున్న ప్రొపెల్లర్‌తోనే బోటు ఏం చేస్తోందో రాసుకోకుండా కొత్తది కొనడమంటే చీటీ లేకుండా మందుల షాపుకు వెళ్లడమే.

బోటును మీరు రోజూ నడిపే బరువుతోనే పరీక్షించండి. సగం ట్యాంకు పెట్రోలు, మామూలుగా ఎక్కేంతమంది మనుషులు, ఎప్పుడూ ఉండే సామాను. ఒంటరిగా వెళ్లి తెచ్చిన అంకెలతో ప్రొపెల్లర్ ఎంచుకుంటే, ఆదివారం ఐదుగురు ఎక్కగానే ఇంజన్ పరిధి కిందికి పడిపోతుంది. బయల్దేరే ముందు బోటు అడుగున చేరిన నీళ్లు తోడేయండి. 50 లీటర్ల నీళ్లంటే 50 కిలోలు. అది సన్నగా ఉన్న మనిషి ఒకరు ఎక్కినట్టే.

గాలి తక్కువగా ఉండే ఉదయం వేళ మంచిది. ఖాళీగా, లోతుగా ఉన్న నీళ్లు చూసుకోండి. లైఫ్ జాకెట్లు వేసుకుని, కిల్ స్విచ్ తాడు (నడిపేవారు పడిపోతే ఇంజన్‌ను ఆపేసేది) నడిపేవారి ఒంటికి తగిలించండి. అమెరికాలో 26 అడుగుల లోపు బోట్లకు, 3 హార్స్‌పవర్ లేదా అంతకు మించిన ఇంజన్ ఉంటే, ప్లేనింగ్ వేగంలో ఈ తాడు వాడి తీరాలని 2021 ఏప్రిల్ 1 నుంచి ఫెడరల్ చట్టమే ఉంది. చట్టం లేని చోట కూడా టాప్ స్పీడు పరీక్ష ఈ తాడు లేకుండా చేయకూడదు.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక థ్రాటిల్ చివరిదాకా తోయండి. మొదట ట్రిమ్ (ఇంజన్‌ను వెనక్కీ ముందుకీ వంచే కోణం) కిందికి ఉంచి, బోటు లేచాక కొంచెం కొంచెంగా పైకి ఎత్తుతూ పోండి. వేగం పెరుగుతున్నంతసేపు ఎత్తొచ్చు. ఆర్‌పీఎం పెరుగుతూ వేగం మాత్రం పెరగడం ఆగిన చోట ఒక్క రవ్వ దించండి. అదే మీ ట్రిమ్. అక్కడ ఆర్‌పీఎం, జీపీఎస్ వేగం రెండూ రాసుకోండి. వెంటనే వెనక్కి తిరిగి ఎదురు దిశలో మళ్లీ అదే పరుగు తీయండి. గాలి, ప్రవాహం ప్రభావం కొట్టుకుపోవాలంటే రెండింటి సగటే తీసుకోవాలి. వేగం ఫోన్ జీపీఎస్‌లో చూసినా చాలు. నీటి ఒత్తిడితో పనిచేసే పాత స్పీడోమీటరు ముల్లును మాత్రం నమ్మొద్దు. ఆర్‌పీఎం చూపే పాత అనలాగ్ టాకోమీటరుకు వెనకవైపు ఒక చిన్న సెట్టింగు స్విచ్ ఉంటుంది. అది మీ ఇంజన్‌కు సరిపడే చోట లేకపోతే అంకె వందల్లో తప్పుతుంది.

నిలకడ నుంచి బోటు ప్లేన్ అయ్యేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో కూడా రాసి ఉంచండి. టాప్ స్పీడుకు అది అక్కర్లేదనిపిస్తుంది. కొత్త ప్రొపెల్లర్ వేశాక మనుషులను ఎక్కించుకుని బోటు లేవకుండా మొరాయించినప్పుడు దాని విలువ తెలుస్తుంది.

స్లిప్ లెక్క

బోల్టును చెక్కలో తిప్పితే ఒక చుట్టుకు ఒక మర దూరం కచ్చితంగా దిగుతుంది. నీళ్లు చెక్క కాదు, పక్కకు జారిపోతాయి. పిచ్ ప్రకారం పోవాల్సిన దూరానికీ బోటు నిజంగా పోయిన దూరానికీ ఉన్న తేడాయే స్లిప్. స్లిప్ సున్నా అయిన ప్రొపెల్లర్ ఉండదు, ఎందుకంటే నీటిని వెనక్కి తోయకపోతే బోటుకు తోపే రాదు. అది ఎంత ఉందో తెలియాలి, అంతే.

లెక్క ఇది: ఆర్‌పీఎంను గేర్ రేషియోతో భాగించండి, వచ్చినదాన్ని పిచ్‌తో గుణించండి, దాన్ని 656తో భాగించండి. గంటకు కిలోమీటర్లలో సిద్ధాంత వేగం వస్తుంది. మైళ్లలో కావాలంటే 656 బదులు 1056 వాడండి.

ఉదాహరణకు 18 అడుగుల ఫైబర్ బోటు, 2.07 గేర్ రేషియో ఉన్న 115 ఇంజన్, మూడు రెక్కల 19 పిచ్ అల్యూమినియం ప్రొపెల్లర్ అనుకుందాం. పరీక్షలో 5150 ఆర్‌పీఎం, జీపీఎస్ మీద 60 కిలోమీటర్లు వచ్చాయి.

5150 ÷ 2.07 = 2488
2488 × 19 ÷ 656 = 72

పోవాల్సింది 72, పోయింది 60. తేడా 12ను 72తో భాగిస్తే దాదాపు 17 శాతం స్లిప్.

మామూలు ఫ్యామిలీ బోటుకు, చేపల వేట బోటుకు టాప్ స్పీడులో 10 నుంచి 15 శాతం బాగున్నట్టే. తేలికైన, వేగం కోసమే కట్టిన బోట్లలో 10 శాతం లోపుకు వస్తుంది. 20 దాటితే ఏదో తేడా ఉంది. రెక్క వంగి ఉండొచ్చు, ఇంజన్ ఎత్తు తప్పుగా ఉండొచ్చు, బోటు అడుగున నాచు పట్టి ఉండొచ్చు, ప్రొపెల్లర్ మధ్యలో షాఫ్టును పట్టుకునే రబ్బరు లేదా ప్లాస్టిక్ హబ్ జారుతూ ఉండొచ్చు. లెక్కలో స్లిప్ మైనస్‌లోకి వచ్చిందంటే మీరు రాసుకున్న పిచ్చో, గేర్ రేషియోనో, టాకోమీటరో తప్పు. ప్రొపెల్లర్‌కు కప్పు (రెక్క అంచు లోపలికి వంపు) ఉన్నప్పుడు చెక్కిన పిచ్ కంటే అది కాస్త ఎక్కువ పిచ్‌లా పనిచేస్తుంది కాబట్టి స్లిప్ నిజానికి ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

ప్రొపెల్లర్‌ను ముట్టుకోకముందు

ఈ పని చాలామంది వదిలేస్తారు, ఎందుకంటే ఇందులో కొనడానికి ఏమీ ఉండదు. నిజానికి ఎక్కువ వేగం దాగి ఉండేది ఇక్కడే.

ప్రొపెల్లర్‌కు సరిగ్గా పైన, గేర్‌కేస్‌కు అడ్డంగా ఒక చదునైన పలక ఉంటుంది. దాన్ని యాంటీ వెంటిలేషన్ ప్లేట్ అంటారు. బోటు ట్రైలర్ మీద ఉన్నప్పుడు ఇంజన్‌ను నిటారుగా ఉంచి, బోటు అడుగుకు ఒక పొడుగాటి తిన్నని చెక్క బద్దను ఆనించి వెనక్కి జరపండి. ఆ బద్ద ప్లేటుకు ఏ ఎత్తులో వస్తుందో చూడండి. ప్లేటు బోటు అడుగుతో సమానంగా గానీ, ఒక అంగుళం దాకా పైకి గానీ ఉండాలి. అంతకంటే కిందికి ఉంటే గేర్‌కేస్ అవసరానికి మించి నీళ్లలో మునిగి ఈడుస్తోందన్నమాట. డీలర్లు కొత్త బోటుకు ఇంజన్‌ను తరచుగా అన్నిటికంటే కింది రంధ్రంలోనే బిగించి ఇస్తారు. అలా ఉంటే మలుపుల్లో గాలి పీల్చదు, ఫిర్యాదులు రావు. వేగం మాత్రం చస్తుంది.

ఇంజన్ బ్రాకెట్ మీద బోల్టు రంధ్రాలు సుమారు ముప్పావు అంగుళం, అంటే 19 మిల్లీమీటర్ల ఎడంలో ఉంటాయి. ఒకసారికి ఒక్క రంధ్రమే పైకి జరపాలి. మెర్క్యురీ 115 బరువు సుమారు 163 కిలోలు. చైన్ పుల్లీ లేకుండా నలుగురు పట్టుకుని ఎత్తేద్దామనుకోవద్దు. ఇంజన్ బరువు పుల్లీ మీదికి వచ్చాకే బోల్టులు తీయాలి. తిరిగి బిగించేటప్పుడు పాత సీలెంట్ మొత్తం గీకి, ప్రతి రంధ్రానికీ కొత్త మెరైన్ సీలెంట్ పెట్టాలి. ఆ రంధ్రం నుంచి నీళ్లు ట్రాన్సమ్ (ఇంజన్ బిగించే బోటు వెనక గోడ) లోపలి చెక్కలోకి దిగితే రెండు మూడేళ్లలో అది కుళ్లిపోతుంది. ప్రొపెల్లర్ ఖర్చు దాని ముందు లెక్కలోకి రాదు.

ఎత్తు మార్చిన ప్రతిసారీ రెండు విషయాలు చూడండి. ఇంజన్ పక్క నుంచి చిమ్మే నీటి ధార ఫుల్ థ్రాటిల్‌లో కూడా సన్నబడకూడదు. గేర్‌కేస్ మీద నీటిని పీల్చే రంధ్రాలు పైకి తేలితే ఇంజన్ వేడెక్కి పోతుంది. వాటర్ ప్రెషర్ గేజ్ ఉంటే ఇంకా మంచిది. రెండోది, గట్టి మలుపులో ఆర్‌పీఎం ఒక్కసారిగా ఎగిరి, బోటు పట్టు తప్పిందంటే ప్రొపెల్లర్ గాలి పీలుస్తోంది. ఒక రంధ్రం దించాలి, లేదా ఆ ఎత్తులో పట్టు నిలిపే వేరే ప్రొపెల్లర్ కావాలి.

ఇక మిగిలినవి చిన్నవే. నీళ్లలోనే నిలబెట్టి ఉంచే బోటుకు అడుగున నాచు, గుల్లలు పడతాయి. చేత్తో తడిమితే గరుకుగా తగిలినా వేగం తగ్గుతుంది, శుభ్రంగా గీకాలి. ఉన్న ప్రొపెల్లర్ రెక్కల అంచులను వేలితో తడిమి చూడండి. కృష్ణలో, గోదావరిలో ఇసుక మేటల మీదుగా నడిపిన బోట్ల రెక్కల అంచులు కత్తెర వేసినట్టు కురచగా అరిగి ఉంటాయి. ఆ ప్రొపెల్లర్‌తో తీసిన అంకెలను నమ్మి కొత్తది ఎంచుకుంటే, కొత్తది బరువు ఎక్కువ పడుతుంది. అరిగిన 19, నీళ్లలో 18 లాగానో 17 లాగానో నడుస్తుంది కదా మరి.

పిచ్ ఎంచుకోవడం

సూత్రం ఒక్కటే. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే ఫుల్ థ్రాటిల్ ఆర్‌పీఎం 150 నుంచి 200 పెరుగుతుంది, ఒక అంగుళం పెంచితే అంతే తగ్గుతుంది. టాప్ స్పీడు కావాలంటే మామూలు బరువుతో ఆర్‌పీఎం పరిధి పై అంచుకు వంద రెండు వందలు ఇవతల ఆగాలి. 5000 నుంచి 6000 పరిధి ఉంటే 5800 చుట్టూ. పై అంచు దాటితే ఆర్‌పీఎంను హద్దులో ఉంచే లిమిటర్ ఇంజన్ బలాన్ని కత్తిరిస్తుంది, అక్కడ వేగం ఆగిపోతుంది. కింది అంచు దాకా రాకపోతే ఇంజన్ పూర్తి థ్రాటిల్ మీద మూలుగుతూ పనిచేస్తుంది. సిలిండర్లలో వేడి, ఒత్తిడి పెరిగి పిస్టన్ల దాకా దెబ్బ పోతుంది. ఈ రెండింటిలో ఎక్కువ హాని చేసేది రెండోదే, ఎందుకంటే అది అలారం మోగించదు.

పై ఉదాహరణలోని బోటునే చూద్దాం. కొలిస్తే ప్లేటు బోటు అడుగుకు అంగుళంన్నర కిందికి ఉంది. ఒక్కో రంధ్రం పరీక్షిస్తూ రెండు రంధ్రాలు ఎత్తాక అదే 19 పిచ్‌తో 5350 ఆర్‌పీఎం, 64 కిలోమీటర్లు వచ్చాయనుకోండి. స్లిప్ పదిహేను లోపుకు దిగింది. ఒక్క రూపాయి ప్రొపెల్లర్ మీద పెట్టకుండా నాలుగు కిలోమీటర్లు.

ఇంకా 5800 దాకా 450 కావాలి. 150 నుంచి 200 చొప్పున చూస్తే రెండు, మూడు అంగుళాలు తగ్గాలి. మొదట 17 స్టెయిన్‌లెస్ ప్రయత్నించాలి. 17తో 5750 తిరిగితే సిద్ధాంత వేగం 72. గట్టి రెక్కల వల్ల స్లిప్ 8 శాతానికి దిగితే 66 కిలోమీటర్లు. పిచ్ రెండు అంగుళాలు తగ్గింది, వేగం పెరిగింది. నిలకడ నుంచి లేవడం కూడా చురుకవుతుంది.

తిరగబడిన కేసు కూడా ఉంటుంది. తేలికైన 16 అడుగుల బోటు, 17 పిచ్‌తో థ్రాటిల్ ఇంకా మిగిలి ఉండగానే 6000 దాటి లిమిటర్ తగులుతోంది, స్లిప్ 10 శాతం దగ్గరే ఉంది. ఈ బోటుకు 19 వేయాల్సిందే, వేగం కచ్చితంగా పెరుగుతుంది. 21 కొనాలన్న ఆశ ఎవరికైనా తీరేది ఇలాంటి బోటు మీదే. కానీ లిమిటర్ తగులుతూ స్లిప్ 25 ఉంటే అది పిచ్ తక్కువై కాదు, ప్రొపెల్లర్ పట్టు తప్పుతోంది. అప్పుడు పిచ్ పెంచితే రోగం దాక్కుంటుంది, పోదు.

మిగతా కొలతలు

వ్యాసం గురించి పెద్దగా బుర్ర పెట్టక్కర్లేదు. ఒకే కంపెనీ ఒకే మోడల్‌లో పిచ్ పెరిగేకొద్దీ వ్యాసాన్ని వాళ్లే తగ్గించుకుంటూ పోతారు. బరువైన, నెమ్మదైన బోటుకు పెద్దది, తేలికైన, వేగమైనదానికి చిన్నది. గేర్‌కేస్‌లో ఎంత పెద్దది పడుతుందో అదెలాగూ హద్దే.

రెక్కల సంఖ్యలో టాప్ స్పీడుకు మూడే మొదటి ఎంపిక. నాలుగు రెక్కలది పట్టు ఎక్కువ, మలుపుల్లో గాలి పీల్చదు, వణుకు తక్కువ, తక్కువ వేగంలో కూడా బోటును ప్లేన్ మీద నిలుపుతుంది. బదులుగా అదే పిచ్‌లో 50 నుంచి 100 ఆర్‌పీఎం తింటుంది, పైన కిలోమీటరో రెండో పోతుంది. మూడు నుంచి నాలుగుకు మారేవాళ్లు పిచ్ ఒక అంగుళం తగ్గించి కొంటారు. అయితే ఇంజన్‌ను ఎత్తుగా బిగించిన బోట్లలో మూడు రెక్కలు పట్టు వదిలే చోట నాలుగు రెక్కలు నిలబడి, చివరికి వేగంలోనూ గెలిచిన సందర్భాలుంటాయి. కొలిచి చూడటమే.

కప్పు అంటే రెక్క వెనక అంచును, కొసను గరిటె అంచులా కొంచెం లోపలికి వంచడం. దీనివల్ల రెక్క నీటిని వదలకుండా పట్టుకుంటుంది, ఇంజన్ ఎత్తు, ట్రిమ్ పెంచుకోవచ్చు, స్లిప్ తగ్గుతుంది. 150 నుంచి 200 దాకా ఆర్‌పీఎం తింటుంది, అంటే ఒక అంగుళం పిచ్ పెరిగినట్టే. 19 అల్యూమినియం తీసి, బాగా కప్పు ఉన్న 19 స్టెయిన్‌లెస్ వేసి "స్టెయిన్‌లెస్ వేస్తే వేగం తగ్గిందేంటి" అని అడిగేవాళ్లు చూడాల్సింది ఇదే.

రేక్ అంటే రెక్కలు గొట్టం నుంచి వెనక్కి వాలిన కోణం. ఎక్కువ వాలితే బోటు ముక్కు పైకి లేస్తుంది, నీటిని తాకే భాగం తగ్గి వేగం పెరుగుతుంది. ముక్కు బరువైన బోటుకు వరమే. చిన్న తేలికపాటి అల్యూమినియం బోటుకు వేస్తే మాత్రం ముక్కు ఎగురుతూ పడుతూ కప్పలా గెంతుతుంది. ట్రిమ్ దించాల్సి వచ్చి, లాభం అక్కడికక్కడే పోతుంది.

లోహం విషయానికొస్తే, అల్యూమినియం రెక్కలు మందంగా ఉండి, పూర్తి బలం పడినప్పుడు కొంచెం వంగుతాయి. స్టెయిన్‌లెస్ సన్నగా ఉండీ వంగదు. ఇంజన్ 75, 80 హార్స్‌పవర్ దాటితే ఆ తేడా జీపీఎస్ మీద కనిపిస్తుంది. 40 హార్స్‌పవర్ బోటుకు స్టెయిన్‌లెస్ డబ్బు దండగ అనే మా అభిప్రాయం. రాళ్లుండే చోట కూడా ఆలోచించాలి. రాయి తగిలితే అల్యూమినియం రెక్క తనే వంగి దెబ్బను మింగుతుంది. స్టెయిన్‌లెస్ ఆ దెబ్బను హబ్ మీదుగా గేర్లకు పంపుతుంది. మధ్యలో రబ్బరు లేదా ప్లాస్టిక్ హబ్ ఉన్నది అందుకే. నదిలో స్టెయిన్‌లెస్ వాడేవాళ్లు పాత అల్యూమినియందాన్ని అమ్మకుండా, ఒక నట్టు, పానాతో సహా బోటులోనే ఉంచుకోవాలి.

ఎత్తైన చోట ఉన్న చెరువులు

టర్బో లేని ఇంజన్ ప్రతి వెయ్యి అడుగుల ఎత్తుకు సుమారు మూడు శాతం బలం కోల్పోతుంది. నాగార్జునసాగర్ పూర్తి నీటిమట్టం 590 అడుగులు, కాకినాడ తీరంలో కుదిరిన ప్రొపెల్లర్ అక్కడా కుదురుతుంది. హుస్సేన్‌సాగర్ 513 మీటర్లు, అంటే దాదాపు 1680 అడుగుల ఎత్తు. ఐదు శాతం పోతుంది, టాకోమీటర్‌లో కనిపిస్తుంది కానీ పిచ్ మార్చేంత కాదు. డాలస్ వైపు మనవాళ్లు ఎక్కువగా వెళ్లే లూయిస్‌విల్ లేక్ 522 అడుగులు, అట్లాంటా దగ్గరి లేనియర్ 1071 అడుగులు. వీటికీ బెంగ లేదు. అదే బోటును ట్రైలర్ మీద 6200 అడుగులు దాటిన లేక్ టాహోకు తీసుకెళ్తే ఇంజన్ బలం ఐదో వంతు దాకా పోతుంది. అక్కడికి రెండు, మూడు అంగుళాలు తక్కువ పిచ్ వేసుకోవాలి, కిందికి దిగాక మళ్లీ పాతది బిగించాలి. మరిచిపోతే లిమిటరే గుర్తు చేస్తుంది.

బిగించే పద్ధతి

తాళం తీసి జేబులో పెట్టుకోండి, కిల్ స్విచ్ తాడు తీసేయండి, గేరు న్యూట్రల్‌లో ఉంచండి. రెక్కకూ పైనున్న ప్లేటుకూ మధ్య ఒక చెక్కదిమ్మ ఇరికిస్తే ప్రొపెల్లర్ తిరగదు. చేత్తో రెక్క పట్టుకుని పానా వేయకండి, స్టెయిన్‌లెస్ అంచు కత్తిలా కోస్తుంది.

స్ప్లిట్ పిన్ను తిన్నగా చేసి లాగేయండి. కొన్ని ఇంజన్లకు పిన్ను బదులు చెవులు వంచే వాషరు ఉంటుంది, ఆ చెవులు తిన్నగా చేయాలి. నట్టు, వాషరు, స్పేసరు ఏ వరుసలో వచ్చాయో అదే వరుసలో నేల మీద పేర్చండి, లేదా ఫోటో తీసుకోండి. ప్రొపెల్లర్ వచ్చేశాక లోపలివైపు షాఫ్టు మీద దళసరి థ్రస్ట్ వాషరు కనిపిస్తుంది. ఇది పాత ప్రొపెల్లర్‌కు అంటుకుని దానితోపాటే వచ్చేస్తుంది, గమనించకపోతే చెత్తలోకి పోతుంది. అది లేకుండా కొత్తది బిగిస్తే ప్రొపెల్లర్ గేర్‌కేస్‌ను రాసుకుంటుంది.

థ్రస్ట్ వాషరు వెనక గాలం దారం చుట్టుకుని ఉందేమో చూడండి. నైలాన్ దారం షాఫ్టు సీలును కోసేస్తుంది, నీళ్లు గేర్ ఆయిల్‌లో కలుస్తాయి. ఆయిల్ తీసి చూస్తే పాలు కలిసినట్టు తెల్లగా ఉంటుంది. అలా ఉంటే ప్రొపెల్లర్ పని ఆపి ముందు సీలు మార్పించాలి.

షాఫ్టు పళ్లను తుడిచి, మెరైన్ గ్రీజు పూర్తిగా పూయండి. పూయకపోతే, ముఖ్యంగా ఉప్పునీళ్లలో, ఏడాది తర్వాత ఆ ప్రొపెల్లర్‌ను సుత్తితో కొట్టినా రాదు. తీసిన వరుసకు ఎదురు వరుసలో అన్నీ ఎక్కించండి. నట్టు బిగింపు ఇంజన్‌ను బట్టి మారుతుంది, ఈ సైజు ఇంజన్లలో సాధారణంగా 55 నుంచి 75 న్యూటన్ మీటర్లు. మీ మాన్యువల్ అంకెకు టార్క్ పానాతోనే బిగించండి. రంధ్రం పిన్నుకు ఎదురు రాకపోతే నట్టును ఇంకాస్త బిగించాలి తప్ప వదులు చేయకూడదు. స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తదే, అదీ స్టెయిన్‌లెస్‌దే వేయండి. చివరగా న్యూట్రల్‌లో చేత్తో తిప్పి చూడండి. ఎక్కడా రాసుకోకుండా తిరగాలి. మొదటి పరుగు తర్వాత నట్టు మళ్లీ ఒకసారి సరిచూడండి.

కొత్తది వేశాక

పాతదానితో చేసినట్టే అదే బరువు, అదే చోటు, రెండు దిశల పరుగు. అంకెలు పక్కపక్కన రాయండి.

ఆర్‌పీఎం అనుకున్నచోటే ఉండి వేగం పెరగకపోతే స్లిప్ పెరిగిందన్నమాట. ట్రిమ్, ఎత్తు మళ్లీ చూసుకోండి. థ్రాటిల్ తోయగానే ఇంజన్ ఎగిరి అరిచి బోటు కదలకపోతే, తర్వాత నెమ్మదిగా పోనిస్తే మామూలుగా నడిస్తే, హబ్ జారుతూ ఉండొచ్చు. గొట్టం లోపలి హబ్ మీదుగా బయటి గొట్టం దాకా మార్కర్‌తో ఒక గీత గీసి నడిపి రండి. గీత రెండు ముక్కలై పక్కకు జరిగితే హబ్ పోయినట్టే.

రెక్కల మీద, ముఖ్యంగా ముందు అంచు వెనకాల, పొక్కులు పొక్కులుగా లోహం తిన్నట్టు కనిపిస్తే అది కేవిటేషన్. రెక్క వెనక ఒత్తిడి పడిపోయిన చోట నీళ్లు ఆవిరి బుడగలై, పక్కనే పేలిపోతూ లోహాన్ని గిల్లుతాయి. చిన్న నొక్కు, వంగిన అంచు కూడా దీన్ని పుట్టిస్తాయి. నీటి పైనుంచి గాలి పీల్చడం వేరే జబ్బు, దానికి మందు ఎత్తు, ట్రిమ్, కప్పు. కేవిటేషన్‌కు మందు రెక్కను బాగుచేయించడమో, మార్చడమో.

బోటు టాప్ స్పీడులో అటూ ఇటూ ఊగడం మొదలైతే ఇంకో ప్రొపెల్లర్ గురించి ఆలోచించకండి. ట్రిమ్ కొంచెం దించి, వేగం తగ్గించి, స్టీరింగ్‌లో ఆట ఎంత ఉందో చూడండి. వదులు స్టీరింగ్‌తో గంటకు 70 కిలోమీటర్లు పోయే బోటు కంటే, బిగువు స్టీరింగ్‌తో 66 పోయేదే ఒడ్డుకు చేరుతుంది. కొనేముందు అడగాల్సింది ఒకటి మిగిలింది: గీత పడకుండా తెస్తే ప్రొపెల్లర్‌ను వేరే పిచ్‌కు మార్చి ఇస్తారా లేదా అని. కొందరు డీలర్లు ఇస్తారు. ఆ మాట రసీదు మీద రాయించుకోండి.